శివారు

సబర్బ్ అంటే ఏంటని అడిగాడు సువర్ణరాజు.
శివారు, అన్నాను.
ఫోను చాప మీద పెట్టి నవ్వాడు.
"శివారు నుంచి శివారుకా?
దానికి ఇంత అప్పు చెయ్యాలా?"

రాత్రి పదకొండు దాటింది.
ఫానుకి గాలి తక్కువ, చప్పుడెక్కువ.
రెండు ఊళ్ల ఆస్పత్రులు నన్ను రమ్మన్నాయి.
ముగ్గురికీ వీసా వచ్చింది.
ఇక ఊరు తేల్చుకోవాలి,
ఊళ్లో వీధి తేల్చుకోవాలి,
ఆదివారం లోపు.

వెల్లింగ్టన్‌లో గాలి, గొడుగు నిలవదని
మరియరాణక్క చెప్పింది.
తొంభై ఆరు గాలికి ఎగిరిన తాటాకు
పక్కూళ్లో ఏరుకొచ్చుకున్నవాళ్లం,
గొడుగు కోసం బెంగేంటి అన్నాడు.
హామిల్టన్‌లో ఊరి నడుమ నుంచి నది పోతుంది.
"అయితే ఏ గట్టు?"
అతనిది నరసాపురం వైపు, నాది సఖినేటిపల్లి వైపు.
మా పెళ్లివారు పంటు మీద దాటుతూ
ఏ గట్టు పులుసు గొప్పదో
నడి గోదాట్లో తగువాడుకున్నారు.
పులుసు సంగతి ఇంకా తేలలేదు.

నిజం చెప్పాలంటే
ఎక్కడ ఉంటారని మావాళ్లని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.
మా పేట ఎక్కడుండాలో ముందే చెప్పేశారు:
ఊరికి దక్షిణాన, పల్లంలో, కాలవ ఆఖర్న.
ఊరంతా తడుపుకుని, కడుక్కుని వదిలాక
మాదాకా వచ్చే నీటికి ఉప్పు రుచి.
నీళ్లు ఆఖర్న మాకు,
వరద మొదట మాకు.
ఎనభై ఆరులో మా అమ్మమ్మ
ప్రార్థన మందిరం అరుగు మీద పదకొండు రోజులు
ఒక మేకతో, ఒక కుట్టుమిషనుతో.
మిషను బతికింది.

అందుకే నాకు చేతకావడంలేదు, ఎంచుకోవడం.
చేప మొప్ప ఎత్తి చూడ్డం వచ్చు.
రోగి చేతిలో నరం
చీకట్లో అయినా పట్టుకోవడం వచ్చు.
వీధిని ఏం పట్టుకుని చూస్తారు?

మనవాళ్లు ఎక్కువున్న వైపు చూసుకోండమ్మా అని
మంచికే చెప్పారు కొందరు.
పప్పులు దొరుకుతాయి, పండక్కి కలుసుకోవచ్చు,
పిల్లకి తెలుగు పోదు.
నిజమే.
మనవాళ్లంటే ఎవరని మాత్రం అడగలేకపోయాను.
రెండో పలకరింపులోనే
"ఊళ్లో ఏ వైపమ్మా మీది?" అంటారు చూడండి,
ఆ మనవాళ్లేనా?
దీవెనకి తెలుగు కావాలి.
ఆ ప్రశ్న లేని తెలుగు
ఏ వీధిలో దొరుకుతుందో మ్యాపులో లేదు.

సువర్ణరాజు లెక్క వేరు.
రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు బాగుచేసే మనిషి,
నేలను చూస్తే ముందు నీళ్లే కనిపిస్తాయి.
బడి ఎంత దూరం, బస్సు ఎన్నింటికి, అద్దె ఎంత,
అవన్నీ నన్ను రాసుకోనిచ్చి
తను ఒక్కటే పట్టుకున్నాడు:
మెరకా, పల్లమా?
ఫోను మీద రెండు వేళ్లు పెట్టి
ఆ దేశాన్ని సాగదీసి, సాగదీసి
వాన పడితే నీరు ఎటు జారుతుందో
ఒంటిగంట దాకా వెతికాడు.
చివరికి తూర్పు గట్టున ఒక వీధి.
నా గట్టు కదా, అన్నాను.
మెరక కదా, అన్నాడు.
అద్దె వారానికట.
నెలకనుకుని కాసేపు సంతోషపడ్డాను.

దీవెన మంచినీళ్లకి లేచింది.
వెలుగుతున్న ఫోను మీదికి వంగి
"అక్కడ మనింటి తర్వాత ఏముంటుంది?" అంది.
ఇక్కడ మా ఇంటి తర్వాత
మురుగు కాలవ, చవుడు నేల, అంతే.
"ఇంకో ఇల్లు" అన్నాను.
"దాని తర్వాత?"
"ఇంకో ఇల్లు."
"దాని తర్వాత?"
నాకు తెలీదు.
సువర్ణరాజు వేలితో మ్యాపు జరిపాడు,
చూడ్డానికి.