ఎడమ చెయ్యి

శుక్రవారం సాయంత్రం మూసిన నోరు
సోమవారం పొద్దున కండక్టరు ముందు తెరిచాను.
"టిన్ ఫ్యాక్టరీ" అనబోతే
గొంతులోంచి తుప్పు రాలింది.

ఆ వారమే క్లినిక్‌లో
నర్సు నా ఎడమ చేతికి నల్లపట్టీ చుట్టింది.
గాలి నిండుతూ నిండుతూ
అది నా జబ్బను గట్టిగా పట్టుకుంది.
నన్నెవరైనా అలా పట్టుకుని
ఎన్నాళ్లైందో లెక్కపెడుతుండగానే
వదిలేసింది.
నూట యాభై ఆరు.

ఉప్పు తగ్గించమంటుందనుకున్నాను.
డాక్టరమ్మ తలెత్తకుండా
"రాత్రి ఎవరితో తింటారు?" అంది.
స్టవ్ పక్కన నిలబడి, గిన్నెలోనే కలుపుకుంటానని
ఎలా చెప్పను?
"ఫోన్‌తో" అన్నాను.
ఆమె నవ్వలేదు.
మాత్ర పేరు రాసి, కింద రెండు అని అంకె వేసి
దాని పక్కన ఏమీ రాయలేదు.

మూడింటికి మెలకువ.
ఫ్రిజ్ ఒక్కటే ఆగి ఆగి మూలుగుతుంది.
మోకాలు పట్టేస్తే "అబ్బా" అనడం కూడా మానేశాను.
వినేవాళ్లు లేనిచోట నొప్పి
నోరు మూసుకుని
లోలోపల పని చేసుకుపోతుంది.

మిషన్ కొన్నాను.
వెలుతురు కోసం మెట్లమీద కూర్చుని
ఒంటిచేత్తో పట్టీతో తంటాలు పడుతుంటే
ఇస్త్రీ బట్టలు తెచ్చిన మునివెంకటప్ప ఆగాడు.
కోలారు తెలుగు.
"ఏంది మా అది? నాకూ సూడు ఒగతూరి."
బొగ్గుల పెట్టె తోసి తోసి కాయలు కాసిన చెయ్యి,
ఇంకా వేడిగానే ఉంది.
నూట డెబ్భై.
ఆ అంకెని ఇద్దరం కాసేపు చూశాం,
చెప్పకుండా వచ్చిన చుట్టాన్ని చూసినట్టు.

పై ఆదివారం భార్యని తెచ్చాడు.
తర్వాత మూడో అంతస్తు వేదవల్లి,
చక్కెర లేని కాఫీ ఫ్లాస్కుతో.
నా తమిళం విని ఆమె నవ్విన నవ్వుకి
కింద సెక్యూరిటీ తలెత్తి చూశాడు.
పక్కింట్లో నెలగా ఉంటూ పేరు చెప్పని కుర్రాడు,
వాడికి ఏ జబ్బూ లేదు,
ఊరికే చెయ్యి చాపాడు.
నేనేమీ అడగలేదు.
పట్టీ మాత్రం కాస్త ఎక్కువసేపు ఉంచాను.

ఒక ఆదివారం వాన. ఎవరూ రాలేదు.
మిషన్ ఒళ్లో పెట్టుకుని గంట కూర్చుని
లేచొచ్చేశాను.
ఆ రాత్రి మూడింటికి మళ్లీ ఫ్రిజ్.

నిన్న మునివెంకటప్ప అడిగాడు:
"అందర్దీ సూస్తావు, నీదెంత మా?"
మూడు వారాలుగా చూసుకోనేలేదని
అప్పుడు గుర్తొచ్చింది.
"ఇట్లా తే చెయ్యి" అని
ఆ మొద్దువేళ్లతో, తలకిందులుగా
పట్టీ చుట్టడం మొదలెట్టాడు.

తప్పని చెప్పలేదు.
చుట్టనిచ్చాను.