కొట్టివేతలున్న రిజిస్టరు

ఓబులేసూ, నువ్వడిగి నాలుగు రోజులైంది.
మహబూలా క్యాంపులో పై మంచం మీది నుంచి
కాళ్లు వేలాడేసి
"దాన్నెట్ల నమ్ముతావ్ రా?" అన్నావు.
ఏసీ మోతలో వినబడనట్టు
గోడవైపు తిరిగి పడుకున్నాను.

నేను పాస్టర్ని కాను. పండితుణ్ణి అసలే కాను.
పదకొండేళ్లుగా టైంకీపర్ని.
నాకు బాగా తెలిసింది ఒక్కటే,
దొంగ రిజిస్టరు ఎట్లుంటుందో.

దొంగ రిజిస్టరు చాలా అందంగా ఉంటుంది.
నెలంతా ఒకే పెన్ను, ఒకే ఒత్తిడి,
ఒక్క రాత్రి కూచుని రాసిన ముప్పై రోజులు.
అందులో ఎవరికీ జ్వరం రాదు.
ఇసుక తుఫాను రోజు కూడా
అందరూ ఆరింటికే వచ్చుంటారు.

ఈ పుస్తకం అట్ల లేదు.
దీంట్లో రాజే పరాయివాడి పెళ్లాన్ని తెచ్చుకుని
ఆ మొగుణ్ణి యుద్ధంలో ముందు వరసకు తోస్తాడు.
పెద్ద శిష్యుడు చలిమంట దగ్గర
ఒక పనిపిల్లకు జడిసి
ఆయనెవరో ఎరగనంటాడు.
తర్వాత సంఘానికి పెద్దదిక్కు ఆయనే!
ఒక్క మాటంటే చెరిపేసేవాళ్లు కదా.
చెరపలేదు.
తనవాళ్ల తప్పులు తానే ఎర్రసిరాతో రాసుకున్న లెక్కని
నా ఉద్యోగంలో నేనెక్కడా చూడలేదు.

నలుగురు నాలుగు రకాలుగా రాశారని నవ్వావు.
దిల్ బహదూర్ పరంజా మీది నుంచి పడ్డ రోజు గుర్తుందా?
ఆఫీసులో నాలుగు స్టేట్‌మెంట్లు,
నాలుగూ కామాలతో సహా ఒకటే.
వేలిముద్రలు నలుగురివి, మాట ఫోర్‌మన్ వర్కిచ్చన్‌ది.
నిజంగా చూసిన రెడ్డెప్ప
"ముందు హెల్మెట్టు పడింది" అన్నాడు.
పక్కనే ఉన్న మస్తాన్
"కాదు, ముందు కేక వినబడింది" అన్నాడు.
ఇద్దరూ ఏడుస్తూనే వాదులాడుకున్నారు.
నేను ఆ ఇద్దర్నే నమ్మాను.

ఇంకోటి చెప్తా. ఇది రుజువు కాదులే.
ఎడారిలో తిత్తిలో నీళ్లైపోయి
బిడ్డను పొదకింద పడుకోబెట్టి
చావు చూడలేక దూరంగా పోయి కూచున్న దాసి ఒకతుంది.
యజమానురాలు ఆమెను పేరుపెట్టి పిలిచినట్టు ఎక్కడా లేదు.
పిలుపు పైనుంచి వచ్చింది, పేరుతో: హాగరూ.
మా అక్క సువర్తమ్మ
సాల్మియాలో ఒకింట్లో ఆరేళ్లు
"ఏయ్" అన్న పిలుపుకే పలికింది.
అక్క పుస్తకంలో ఆ పేజీ మీద
నూనె వేలిముద్ర ఇంకా ఉంది.

సరే, అసలు సంగతికొస్తా.
పోయిన గురువారం వర్కిచ్చన్ చెప్పాడు:
ముప్పై ఎనిమిది మందికి
రోజుకు రెండు గంటల ఓవర్‌టైం కొట్టెయ్యి.
మరుసటి రోజు ప్రార్థనలో
అందరికంటే పైకి చేతులెత్తింది ఆయనే.
ఆ రోజు చదివిన వాక్యంలో
బిగబట్టిన కూలి కేకలు పెడుతుందని ఉంది.
ఆయనకు వినబడిందో లేదో. నాకు వినబడింది.
చెయ్యి వణికింది,
అయినా ఉన్నది ఉన్నట్టే రాశాను.

రేపట్నుంచి నా డ్యూటీ గేటు దగ్గర, ఎండలో.
అకామా మళ్లీ కొడతారో లేదో.
మెచ్చుకోవద్దు, ఓబులేసూ. ఆగు.

మే నెలలో నీ పేరు పక్కన
తొమ్మిది రోజులు, రెండేసి గంటలు
కొట్టేసింది నేనే.
చాలా నీటుగా కొట్టాను. నీకు తెలీలేదు.
అదే రాత్రి నువ్వు నాకు చారన్నం తెచ్చిపెట్టావు.

ఇప్పుడర్థమైందా ఎందుకు నమ్ముతానో?
దాన్ని చదువుతున్నాననుకుంటా,
అది నా లెక్క తీస్తుంటుంది.

పన్నులు గుంజిన జక్కయ్య అని ఒక పొట్టాయన
కాజేసింది నాలుగింతలుగా తిరిగిచ్చాడట.
నా దగ్గర అంత లేదు.
నీ దిండు కింద తొమ్మిది దీనార్ల ముప్పావు ఉంది.
అది ఒకటో వంతు.