ముప్పై రెండు అడుగులు

ఒర్దీబెహెష్త్ నెల సగమైందో లేదో
మెట్ల మీద రాయి కాలడం మొదలుపెడుతుంది.
ఇక చలికాలపు గదుల్లో ఉండలేం.
ముంగిలి దాటి, సూర్యుడికి వీపు తిప్పి కూచున్న
వేసవి గదుల్లోకి మారాలి.
సరిగ్గా ముప్పై రెండు అడుగులు.
మా ఇంట్లో దీన్ని ప్రయాణమనే అంటాం,
అంత సామాను ఉంటుంది మరి.

ముందు కుర్సీ విప్పాలి.
కింద కుంపటి, పైన బొంత,
చలికాలమంతా ఇంటిల్లిపాదీ కాళ్లు దాచుకున్న బల్ల అది.
బొంత దులిపితే రాలాయి
పిస్తా తొక్కులు, ఒక గుండీ,
పక్కింటి పిల్ల తీసిందని నేను అనుమానపడ్డ చెంచా.
ఎవరూ చూడకుండా కడిగి
మిగతా వాటిలో కలిపేశాను.

ఉన్ని తివాచీల మడతల్లో పొగాకు పొడి చల్లి చుట్టడం,
మెయ్‌బొద్ నూలు జంపఖానాలు పరచడం,
దోమతెర చిరుగులకు మాట్లు వేయడం,
ఇవన్నీ తగువు లేని పనులు.

తగువల్లా హాలు దగ్గరే.
ముందు నేల కడగాలా, ముందు గాలిబురుజు తెరవాలా?
నేల తడిగా ఉంటే పడిన దుమ్ము పైకి లేవదని నా వాదం.
కడిగిందే రెండుసార్లు కడగాల్సొస్తుందని ఖొదాదాద్‌ది.
ఇరవై తొమ్మిదేళ్లుగా నేనే నెగ్గుతున్నాను.
ఇరవై తొమ్మిదేళ్లుగా రెండుసార్లు కడుగుతున్నాను.

"తప్పుకో గొహర్!" అని పైనుంచి కేక.
పలకలు ఊడాయి.
ఐదు నెలల ఎడారి ఒక్క దూకు దూకింది కిందికి:
ఇసుక, ఈకలు, ఎండుగడ్డి, గాలిపటం తోక.
నా తడి నేల క్షణంలో బురద.
ఆయన నవ్వలేదు.
ఆ నవ్వకపోవడంలో ఎంత నవ్వుందో
నాకొక్కదానికే తెలుసు.

ఈశాన్యం నోరు తెరిచారు, ఆగ్నేయం తెరిచారు,
నైరుతి తెరిచారు.
వాయవ్యం దగ్గర సుత్తి ఆగింది.

అది కదా అసలు నోరు,
ఇస్ఫహాన్ వైపు నుంచి వచ్చే చల్లగాలిని
సాయంత్రం మొదటి గుక్కలోనే మింగి
మా మధ్య వదిలేది.
నిచ్చెన ఎక్కి చూశాను.
పలకకీ గోడకీ మధ్య జానెడు సందులో
నాలుగు పుల్లల గూడు,
అది గూడనడం కూడా మొహమాటమే,
అందులో రెండు గుడ్లు.
పావురం కదల్లేదు.
ఎర్రటి గుండ్రటి కన్నొకటి
ఈ ఇంటి పత్రాలు తన దగ్గరే ఉన్నట్టు చూసింది.

"తీసి పారేయనా అమ్మా?" అన్నాడు బెహ్‌మర్ద్,
కూలికొచ్చిన కుర్రాడు.
ఖొదాదాద్ మాట్లాడలేదు, నా వంక చూశాడు.
అన్ని తగువుల్లోనూ నెగ్గడంలో ఉన్న చిక్కు ఇదే,
ఇలాంటిదీ నీ నెత్తినే పడుతుంది.

లెక్కేశాను.
పొదగడానికి పద్దెనిమిది రోజులు,
రెక్కలు రావడానికి మరో నెల.
అప్పటికి తీర్ నెల,
గోడ ముట్టుకుంటే అరచేయి కమిలే రోజులు.
"పలక కదపకు," అన్నాను
గుడ్ల మీద కోపంతోనే.

మళ్లీ నేల కడిగాను.
ముంగిట్లో హౌజు తోడి
నీళ్లు దానిమ్మ పాదుల్లోకి మళ్లించాను.
ఎర్రచేపలు తొమ్మిదుండాలి,
గంగాళంలోకి ఎనిమిదే వచ్చాయి.
పిల్లిని అడిగితే
గోడవతల ఏదో పనున్నట్టు లేచి వెళ్లింది.

రాత్రి మంచాలు డాబా మీదికి ఎక్కించాం.
మట్టీ గడ్డీ కలిపి మెత్తిన కప్పు మీద
చెంబుడు నీళ్లు చల్లితే వాసన లేచింది.
ఆ వాసనకి నా దగ్గర మాట లేదు,
ఆకలి ఉంది.

"కింద ఉక్కగా ఉంది కదూ," అన్నాడాయన.
"ఎవరన్నారు?" అన్నాను
రుమాలుతో మెడ తుడుచుకుంటూ.
బురుజు లోపల పావురం
గుడ్ల మీద సర్దుకుని కూచున్న చప్పుడు.

నలభై తొమ్మిదో రోజుకి నిచ్చెన కావాలని
బెహ్‌మర్ద్‌కి ముందే చెప్పి ఉంచాను.