పెట్టని పెట్టలు

బస్టాండు ఔట్‌గేటు దగ్గర
రాత్రికి ఆరు ట్రేలు పగలగొడతాను.
నూట ఎనభై.
ఆమ్లెట్‌కి రెండు, ఎగ్‌దోసెకి ఒకటి,
డ్రైవర్ల బ్యాచ్ దిగితే లెక్క తప్పుతుంది.
అలాంటిదాన్ని,
తెల్లారి రాణిగారితోట సందులోకి నడిచొచ్చి
చెప్పులైనా విప్పకుండా
పెరట్లో బుట్ట ఎత్తి చూస్తాను.
గడ్డి. ఒక ఈక.
నిన్నటి గడ్డే.

మైలవరం సంతలో కొన్నాను శ్రావణంలో,
అరచేతిలో పట్టే పిల్లలు మూడు.
ఇప్పుడు మార్గశిరం.
ఎర్రది గోడెక్కి నీలుగుతుంది.
చుక్కలది నా కాలివేళ్ళు పొడిచి చూస్తుంది, గింజలేమోనని.
మూడోదానికి పేరు లేదు,
ఎప్పుడూ ఎక్కడికో బయల్దేరినట్టే ఉంటుంది.

"సంతోడు మోసం చేశాడు,
గొడ్డువి అంటగట్టాడు" అన్నాడు యేసుదానం.
ఆ మాట మా ఇంట్లో వినపడి చాలా ఏళ్ళయింది.
అత్తగారు పోయాక మళ్ళీ ఇదే.
ఆయన నాలుక కరుచుకున్నాడు.
నేను చీపురు అందుకున్నాను.

పక్కవాటా నాగూర్‌బీ వచ్చింది.
ఎర్రదాన్ని చంకలో ఇరికించుకుని
తోక కింద ఎముకల మధ్య వేళ్ళు పెట్టి చూసింది.
"ఒక వేలే పడుతోంది.
రెండు పడాలి. మూడైతే ఇక రేపో మాపో.
తురాయి చూడు, ఇంకా గులాబీ రంగే,
పండుమిరపకాయ కావాలి.
నాటువమ్మా ఇవి, ఏడో నెల నిండనీ.
వీపు మీద చెయ్యేస్తే పారిపోతోందా? పోనీ.
ఏదో ఒకరోజు చతికిలబడుతుంది.
అప్పుడు అడుగు గుడ్డేదని."
తర్వాత మేతగిన్నె చూసి నన్నే తిట్టింది.
"మాడిన దోసెలూ చద్దన్నమూ!
కొవ్వు పడుతుంది గానీ గుడ్డు పడుతుందా?"

ఆ రాత్రి నుంచి పెంకులు పారెయ్యలేదు.
సంచిలో మోసుకొచ్చి, పెనం మీద వేడి చేసి,
రోట్లో నూరి నూకల్లో కలిపాను.
ఎవరివో కోళ్ళ గుడ్ల పెంకులు,
గుడ్డంటే ఇంకా తెలియని వీటికి.
ముక్కుతో అటూ ఇటూ తిప్పి తిన్నాయి.
నాకే ఏదోలా అనిపించింది.

ట్రేల ఆటో పోతురాజుని అడిగాను,
ఫారం కోళ్ళు ఐదో నెలకే ఎలా పెడతాయని.
"లైటక్కా.
చీకటి పడనివ్వరు వాటికి.
పొద్దు పదహారు గంటలుంటుంది.
మీ పెరట్లో ఎంతుంది?"

లెక్కేశాను.
వెనక ఐదంతస్తులు లేచాక
మాకు ఎండ పదిన్నరకి దిగుతుంది,
రెండింటికల్లా సర్దుకుని పోతుంది.
పైగా చలికాలం.

ఆదివారం బండి తియ్యలేదు.
బండి మీది ఛార్జింగ్ బల్బు గూట్లో కట్టాను.
పది దాటింది. పన్నెండు.
మూడూ నిలబడే ఉన్నాయి.
ఎర్రది కన్ను మూస్తుంది, ఉలిక్కిపడుతుంది.
చుక్కలది ఖాళీ గిన్నెని పొడుస్తుంది.
ఆ నిలబడటం నాకు తెలుసు.
రాత్రి రెండింటికి,
హైదరాబాద్ బస్సుకీ విశాఖ బస్సుకీ మధ్య,
పెనం ముందు నేను నిలబడేది అలాగే,
కళ్ళు తెరుచుకుని, ఎక్కడా లేకుండా.

పదకొండేళ్ళు.
రాత్రికి నూట ఎనభై లెక్కన
ఎన్ని కోళ్ళ నిద్ర పగలగొట్టానో పెనం అంచు మీద.

బల్బు విప్పేశాను.
చీకట్లో ఈకలు సర్దుకున్న చప్పుడు,
ఒకటి. రెండు.
మూడోది చాలాసేపటికి.

బుట్టలో ఇప్పుడు సున్నపు గడ్డ ఒకటుంది,
గుడ్డంత, నాగూర్‌బీ నునుపుగా అరగదీసి ఇచ్చింది,
చోటు తెలియడానికట.
ఇవాళ వీపు మీద చెయ్యేస్తే
పేరులేనిది ఒక్క అడుగు వేసి ఆగింది.
చతికిలబడలేదు. ఆగింది, అంతే.
తురాయి కొసన కాస్త ఎరుపు.
ఎదురు ఫ్లాట్ల అద్దం మీంచి పడ్డ ఎండేమో కూడా.

ట్రేలు దిగే వేళయింది, బండి కడగాలి.
పెరట్లో యేసుదానం
నేను చూడట్లేదనుకుని
బుట్ట ఎత్తి చూస్తున్నాడు.