చలి మోతాదు

రాత్రి రెండుంబావుకి
ఉగ్లా గొంతులోంచి ఒక సీల్ మొరిగింది.

ముందు నిద్రలోనే నవ్వుకున్నాను.
మా ఫ్యోర్డులో సీళ్లు మామూలే,
రేవు దాకా వచ్చి
చేపపేగుల కోసం కొట్లాడుకుంటాయి.
రెండోసారి మొరిగినప్పుడు
అది మంచం మీదే ఉందని తెలిసింది.

దగ్గు. ఆ తర్వాత
ఊపిరి లోపలికి లాగుతుంటే
తుప్పుపట్టిన తలుపు బందులా ఒక కీచు.
నాలుగేళ్ల పిల్ల నావైపు చూసింది.
ఆ చూపులో ఏడుపు లేదు,
ఏడవడానికి గాలి చాల్లేదు.

స్టెయినున్ సముద్రం మీదుంది, తొమ్మిదో రోజు.
ఆమె వల వేస్తుంది, ఒడ్డున నేను
ఇంజన్లు బాగుచేస్తాను.
ఏ పిస్టన్ ఎందుకు దగ్గుతోందో
చెవి ఆనించి చెప్పగలను.
పిల్ల వీపుకి చెవి ఆనించాను.
ఏమీ చెప్పలేకపోయాను.

ఫ్రిజ్ మీద బిస్కెట్ల డబ్బా.
మూత లోపల పెన్సిలుతో ఆమె రాత:
జ్వరం మందు వయసు చూసి కాదు, బరువు చూసి.
కాలితే కుళాయి కింద ఇరవై నిమిషాలు.
వెన్న కాదు, మీ అమ్మ చెప్పినా సరే.
మోకాలు గీరుకుంటే నీళ్లు, సబ్బు.
దూరం నుంచి ఊదు.
ఊదడం గాయానికి కాదు, పిల్లకి.
ముక్కులో బఠాణీ ఉంటే నువ్వు తియ్యకు.

ఆ బఠాణీ కథ వేరే.
సీల్ గురించి ఎక్కడా రాయలేదు.

ఫోన్లో నర్సు డొమ్‌హిల్డుర్.
ఆమె గొంతులో కంగారు లేదు, నాకు కోపమొచ్చింది.
పెదాలు నీలంగా ఉన్నాయా? లేవు.
చొంగ కారుతోందా, మింగలేకపోతోందా? లేదు.
ఊపిరి తీస్తే డొక్కలు లోపలికి పోతున్నాయా?
చొక్కా ఎత్తి చూశాను.
కొంచెం. దగ్గినప్పుడే.
"అయితే ఏడవనివ్వకు.
కొండదారి మంచుకి మూసేశారు,
దుప్పట్లో చుట్టి బయట కూర్చోబెట్టు,
చల్లగాలి పీల్చనీ.
తగ్గకపోతే పడవ పంపిస్తాను."
అంతేనా?
"అంతే. ఫోను పెట్టెయ్యకు, జేబులో వేసుకో."

బతుకంతా ఈ చలి ఇంట్లోకి రాకుండా
కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కినవాణ్ణి,
నా చేత్తో నేనే గడియ తీశాను.

మెట్లమీద కూర్చున్నాం,
దుప్పటి పైన నా ఉన్ని స్వెట్టరు,
ఒక్క మెడలోంచి రెండు తలలు.
"నాన్నా, గాలి గుచ్చుకుంటోంది."
తిను, అన్నాను, ఏమనాలో తోచక.
చిన్న చిన్న ముద్దలు తిను.

నోరు తెరిచింది. మూసింది. నమిలింది.
రేవు దీపం పేరు చెప్పి ఒక ముద్ద,
అమ్మ పడవ పేరు చెప్పి ఒకటి,
ఆ మూల కుంటి గొర్రె పేరు చెప్పి ఒకటి.
గడియారంలో ముల్లు చూస్తూ
ఊపిర్లు లెక్కపెట్టాను.
నలభై నాలుగు.
లెక్క తప్పాను, మళ్లీ మొదట్నుంచి.
ముప్పై ఎనిమిది.
కీచు సన్నబడింది,
ఎండిపోయిన బేరింగుకి నూనె అందినట్టు.
మన్నించాలి, నాకొచ్చిన పోలిక అదొక్కటే.
ముప్పై.

నీళ్లలో నిజం సీలొకటి మొరిగింది.
ఉగ్లా దానికి బదులిచ్చింది,
ఈసారి కావాలనే.

అప్పుడు నా జేబులోంచి
"వింటున్నాను" అంది డొమ్‌హిల్డుర్.
ఆమె ఉందనే మర్చిపోయాం.
"లోపలికెళ్లి గోరువెచ్చని నీళ్లు తాగించు.
తల పక్కనే నువ్వూ పడుకో.
మళ్లీ కీచుమంటే చెయ్యి."

పడుకున్నాను గానీ నిద్రపోలేదు.
తెల్లారేదాకా ఆ చిన్న ఛాతీ
లేవడం, దిగడం చూస్తూ,
మధ్యలో ఒకసారి లేచి
ఏ కారణమూ లేకుండా
కుళాయి వాషరు మార్చాను.

పొద్దున్న సముద్రం మీంచి స్టెయినున్.
గాలిహోరులో ఆమె గొంతు ముక్కలుముక్కలుగా.
అంతా బాగేనా?
బాగే, అన్నాను. కాస్త దగ్గు.

ఉగ్లా ఫోను లాక్కుంది.
"అమ్మా, రాత్రి నాన్న నాకు
చలి తినిపించాడు.
ఉప్పెక్కువైంది."