అర స్టాపు

బైరాగిపట్టెడలో మా స్టూడియో. కింద టీ అంగడి,
మెట్లెక్కి పైకి రావాల.
పొద్దున పూట అంతా గుండ్ల బేరం:
కొండ దిగొచ్చిన పిల్లకాయలు, తలనిండా గంధం,
ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన ముక్కులు.
వేలాయుధం మాస్టరు నాకు వెలుగు నేర్పింది
ఆ గుండ్ల మీదనే.
"తడి గంధం వెలుగును మింగతాది,
ఆరిన గంధం ఎగజిమ్మతాది.
రెండూ ఒకే తలమీద ఉంటాయి. చూసి కొట్టు."

తెల్లగోడ ముందు తెల్లగా తీసే పని
చాలా ఏండ్లకు గానీ చెప్పలేదు.
మనిషిని గోడకు ఆరడుగులు ఇవతల నిలబెట్టు.
గోడకు రెండు లైట్లు వేరే, ముఖానికొకటి వేరే.
ముఖం కంటే గోడ రెండు స్టాపులు ఎక్కువ మండాల,
అంతకు మించితే ఆ వెలుగు
చెవుల పక్కనుంచి పాక్కుంటా వచ్చి
వెంట్రుకల్ని తినేస్తాది.
గడ్డం కింద థర్మోకోల్ అట్ట పట్టుకో.
నీడ పెరుగులో ఉప్పు మాదిరి ఉండాల,
కనపడకూడదు, లేకపోతే తెలిసిపోవాల.
నలుపు కంటిపాపలో మిగిల్తే చాలు.

మొన్న బుధవారం దేశమ్మ వచ్చింది,
పీలేరు బస్సు కండక్టరు.
డ్యూటీ దిగి నేరుగా,
ఖాకీ చొక్కా సంచిలో కుక్కి,
సున్నం రంగు చీర కట్టుకోని.
ముఖం మీద బొల్లి.
ఎడమకంటి చుట్టూ కొంత, పెదవి మూల కొంత,
దవడ మీద మటుకు పెద్దది, ఎండాకాలం చెరువు పటం లాగా.
"దేనికమ్మా ఫోటో?"
"దేనికీ కాదు."

లైట్లు సర్దుతా నాలో నేను లెక్కలు గొణుక్కుంటే
"రెండు స్టాపులంటే ఎంత దూరం?" అనింది.
దూరం కాదమ్మా, ఒక్కో స్టాపుకూ
వెలుగు రెండింతలవుతాది అని చెప్పినా.
"మా బండిలోనూ అంతే," అనింది,
"చంద్రగిరిలో ఎక్కే జనం చూస్తే."

మొదటి ఫోటో.
కాలిన చోటల్లా తెరమీద మిణుకు మిణుకుమంటాది.
గోడ మిణుకుమనొచ్చు, తప్పులేదు.
కంటి చుట్టూ మిణుకుమంది.
దవడ మిణుకుమంది.
గోడే ఆమె ముఖంలోంచి
ఇవతలికి తొంగి చూస్తా ఉంది.

నా చెయ్యి అలవాటు కొద్దీ ఇంకో స్టాపు తెరిచింది.
మిగిలిన చామనఛాయ కూడా పాలిపోయి
అంచులన్నీ కరిగి
ముఖమంతా ఒకే తెలుపు.
పెళ్ళి ఆల్బముల్లో ఇట్లా
ఎంతమందిని కడిగేసినానో లెక్కలేదు.

"ఎవురీమె?"
టికెట్ లేని మనిషిని అడిగినట్టు అడిగింది,
కోపం లేకుండా.
"గుర్తింపు కార్డుకు తీసినాయన కూడా ఇట్లనే తుడిచేసినాడు.
చెకింగు ఇన్‌స్పెక్టరు కార్డు చూసి, నన్ను చూసి,
మళ్ళా కార్డు చూసి, అసలామె యాడ? అన్నాడు.
బస్సంతా నవ్వింది. నేనూ నవ్వినా."

కాసేపాగి,
"సగం స్టాపులో ఆపడానికి కుదరదా?
మేం ఆపతాం, మూట బరువుంటే."

తెరిచింది మూసినా.
గోడ లైట్లు ముట్టుకోలేదు.
ముఖం మీది లైటును జానెడు వెనక్కి జరిపి
ఒక పక్క మా నాయన వానగొడుగు విప్పి పెట్టినా,
ఇంకో పక్క నల్లదుప్పటి.
ఆ రెండు నలుపులూ ఫోటోలోకి రావు,
చెంపలకు గీత గీసి
పక్కకు తప్పుకుంటాయి.

కెమెరా కంటికి ఆనించి నేను ఎదురు చూస్తా ఉంటే
ఆమే చెప్పింది:
"రైట్… రైట్."

తెల్లటి దాంట్లో ఇంకో తెలుపు,
తన గట్టు తనకుంది.
గట్టుకు ఇవతల గోధుమరంగు నేల.
కంటిపాపలో గొడుగు పుల్ల ఒకటి
నేను చూసుకోలేదు, అట్లనే ఉండిపోయింది.
మాస్టరుంటే దాన్ని తీసెయ్యమనేవాడు.

నూటఎనభై. ఆమె రెండొందలిచ్చింది.
గల్లాలో ఇరవై లేదు.
వెతుకుతా ఉంటే చెవి మీది పెన్ను తీసి
ఫోటో కవరు వెనక 20 అని రాసి
చుట్టూ సున్నా చుట్టింది.
"దిగేటప్పుడు ఇద్దువులే" అంటా
మెట్లు దిగిపోయింది.