నాలుగు వేళ్ల సందు

మే నెల. మధ్యాహ్నం మూడు.
శ్రీకాకుళం, పాలకొండ రోడ్డు.
నాలుగంతస్తుల సహకార బ్యాంకు
పడమటి గోడంతా నల్లటి సోలార్ పలకలు తొడుక్కుని
ఎండ తాగుతూ నిలబడింది.

తాగుతోంది, నిజమే.
వంటికి పట్టడం లేదు.

మేనేజరు పొట్నూరు సుగుణ గారు ఫోన్లో అడిగారు:
"ఆ గోడకి ఎండ దంచేది ఇప్పుడే కదండీ,
మరి కరెంటు ఇప్పుడే తగ్గిపోతుందేం?"

నిచ్చెన వేశాను.
అట్టు పొయ్యబోయే ముందు పెనం మీద పెట్టినట్టు
అద్దానికి అంగుళం ఎడంలో అరచెయ్యి పెట్టాను.
చిన్న తుపాకీలాంటి కొలత యంత్రం గురిపెడితే
ముందు వైపు డెబ్బై ఒకటి.
వెనక వైపు కొలుద్దామంటే
యంత్రం దూర్చడానికి చోటే లేదు.

ఇక్కడొక మాట చెప్పాలి.
మనకి ఎండంటే ఒకటే మాట,
వెలుగూ అందులోదే, ఉడుకూ అందులోదే.
ఈ పలకకి అవి రెండూ పడని సవతులు.
వెలుగు కూడబెడుతుంది.
ఉడుకు చిల్లు పెడుతుంది.
ఇరవై అయిదు దాటాక డిగ్రీకి
నూటికి నలభై పైసల చొప్పున.
డెబ్బై ఒకటి దగ్గర లెక్క వెయ్యండి,
పద్దెనిమిది రూపాయల చిల్లర.
ఇంత ఎండలో.

అందుకే కాగితం మీద గీసినప్పుడు
గోడకీ పలకకీ నడుమ నాలుగు వేళ్ల సందు పెట్టాం.
కింద నోరు, పైన నోరు.
వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది,
ఖాళీ అయిన చోటికి కిందనుంచి కొత్తది వస్తుంది.
మోటారు లేదు, బిల్లు లేదు,
పొగగొట్టానికి పుట్టుకతో వచ్చిన విద్య.
మధ్యాహ్నం సముద్రం మీంచి వచ్చే గాలి
తూర్పు కిటికీల దగ్గరే ఆగిపోతుంది కదా,
పడమటి గోడ గాలిని తనే పుట్టించుకోవాలి.

దిగి, వంగి చూశాను.
కింది నోరు పొడుగునా
సిమెంటు.

ఎంత బాగుందో!
దారం కట్టి లాగిన గీత.
మూలల్లో గోరంత గుల్ల లేదు.
తడి కుంచెతో దువ్విన నునుపు.

కూర్మయ్యకి కబురు పెట్టాను.
పొందూరు బస్సు దిగి, తాపీ సంచితోనే వచ్చాడు.
"కన్నం ఒగ్గీస్తే పావురాలు దూరతాయి బావూ,
సూపుకీ బాగోదు.
అందుకే నాను మూసీసినాను.
దానికి కూలి కూడా అడగలేదు."

ఏం చెప్పను?
పైసల లెక్క నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఉత్తరం చివర ఒక్క వరస
ఇసక చాలక మూయకుండా మిగిలిపోయింది.
దాని కింద ఒక అగరొత్తి వెలిగించాను.
పొగ కాసేపు ఎటూ తేలక ఊగింది.
తర్వాత మెడ వంచి
సందులోకి పోయింది, ఎవరో పిలిచినట్టు.
కూర్మయ్య తల పైకెత్తాడు.
డాబా మీంచి కుర్రాడు అరిచాడు,
"పొగ అగుపడలేదు గానీ, మల్లెపూల వాసనొచ్చిందండీ!"

కూర్మయ్య ఏమీ అనలేదు.
నేను ఉలి తీయబోతే
నా చేతిలోంచి లాక్కున్నాడు.
"నాను కట్టింది నానే ఇప్పుతాను."

సాయంత్రం దాకా కొట్టాడు.
పలక ఒక్కటీ గీరుకుపోలేదు.
మధ్యలో ఒకసారి మాత్రం
ఊడొచ్చిన పెచ్చుని తిప్పి, నునుపు వైపు
బొటనవేలితో నిమిరి పక్కన పెట్టాడు.
"మరి పావురాలో?" అన్నాడు.
"జాలీ కొడదాం" అన్నాను.
"సన్నదే ఎయ్యండి."

మర్నాడు మూడింటికి యాభై నాలుగు.
పద్దెనిమిదిలో ఆరు వెనక్కొచ్చాయి.
మిగతా పన్నెండూ మే నెలవి, వాటినెవరూ అడగలేరు.
గోడ వెనక గదిలో క్యాషియరు
మూడు రోజుల తర్వాత చొక్కా పైబొత్తాం పెట్టుకున్నాడట.

కూర్మయ్య జాలీకి మేకులు కొడుతూ
ఆగి,
సందు దగ్గర చెయ్యి పెట్టాడు.
"లాగతంది" అన్నాడు, మెల్లగా.
నాలుగు వేళ్లూ అడ్డంగా ఆనించి కొలిచాడు.
సరిపోయాయి.
సున్నం తిన్న బొటనవేలొకటి
బయటే ఉండిపోయింది,
ఎండలో.